సూది పట్టేముందు అడగాల్సిన ప్రశ్న: లిప్ ఫిల్లర్లు, పెదవి పొక్కులు

అందరికీ నమస్కారం.

లిప్ ఫిల్లర్, అంటే పెదవులు నిండుగా కనిపించేందుకు సూదితో ఎక్కించే జెల్, చేయించుకున్న రెండు మూడు రోజులకు పెదవి అంచున నీటి పొక్కులు లేస్తే, అందరి అనుమానమూ ముందు సూది మీదికే పోతుంది. క్లినిక్‌లో శుభ్రత లేదనీ, అక్కడే ఏదో అంటుకుందనీ అనుకుంటారు. దాదాపు ఎప్పుడూ జరిగేది అది కాదు. ఆ వైరస్ ఏళ్ల తరబడి ఆ మనిషి ఒంట్లోనే ఉంది. సూది దాన్ని నిద్ర లేపింది, అంతే.

దాని పేరు హెర్పిస్ సింప్లెక్స్ టైప్ 1. 50 ఏళ్లలోపు వాళ్లలో మూడింట రెండొంతుల మందికి ఇది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఎక్కువమందికి చిన్నతనంలోనే, లాలాజలం వల్ల అంటుతుంది. తర్వాత ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరంలోకి చేరి, పుర్రె అడుగున ఉండే దాని నరాల ముడిలో అణగి ఉంటుంది. పెదవిలో సూది గుచ్చితే నరాల కొసలు దెబ్బతింటాయి, కణజాలం వాస్తుంది. ఆ ఒత్తిడికి వైరస్ మేలుకుని, నరం వెంట చర్మం దాకా దిగివస్తుంది. జ్వరం, ఎండ, పంటి వైద్యం చేసే పని కూడా ఇదే.

అందుకే మొదటి జాగ్రత్త ప్రశ్నలో ఉంది. "మీకు హెర్పిస్ ఉందా?" అని అడిగితే ఎవరైనా లేదనే అంటారు. ఆ మాట వినగానే గుహ్య వ్యాధే గుర్తొస్తుంది మరి. అడగాల్సింది ఇలా: "జ్వరం వచ్చినప్పుడో, ఎండలో తిరిగినప్పుడో పెదవి అంచున చిమచిమలాడి, చిన్న చిన్న నీటి పొక్కులు గుంపుగా లేచి, పగిలి, పక్కు కట్టి, వారం పది రోజుల్లో మానిపోయాయా? మళ్లీ వచ్చినప్పుడు ఇంచుమించు అదే చోట వచ్చాయా?" అవునంటే లెక్క తేలినట్టే. నోటి లోపల తెల్లగా పడే పూత, పెదవి మూలల్లో చీలే పగుళ్లు సాధారణంగా వేరే సంగతులు. రక్తపరీక్ష ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. అది చాలామందిలో పాజిటివ్ చూపిస్తుంది కానీ, ఎవరికి పొక్కులు లేస్తాయో చెప్పదు.

చికిత్స రోజున పెదవి మీద పొక్కు ఉన్నా, పక్కు ఉన్నా, చివరికి చిమచిమ మాత్రమే ఉన్నా వాయిదా వేయాల్సిందే. పచ్చి పుండు మీదుగా సూది పోతే వైరస్‌ను చుట్టూ పాకించినట్టవుతుంది, పైగా బ్యాక్టీరియాకు దారి తెరిచినట్టు. పక్కు రాలిపోయి, కింద చర్మం మామూలు రంగుకు వచ్చేదాకా ఆగాలి. అడ్వాన్స్ కట్టాననో, పెళ్లి దగ్గర పడిందనో ఒత్తిడి చేసేవాళ్లకు ఇక్కడ మొహమాటపడకూడదు.

ముందు ఎప్పుడైనా పొక్కులు వచ్చినవాళ్లకు డాక్టర్లు మాత్రలు రాస్తారు. ఎక్కువగా వాడేది వాలాసైక్లోవిర్ 500 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు. చికిత్సకు ముందు రోజో, ఆ ఉదయమో మొదలుపెట్టి మూడు నుంచి ఐదు రోజులు వేసుకోవాలి. ఎసైక్లోవిర్ అయితే 400 మిల్లీగ్రాములు మూడు పూటలా. ఈ మందులు వైరస్ తన డీఎన్ఏ నకళ్లు తీసుకునేటప్పుడే అడ్డుపడతాయి. నరంలో నిద్రపోతున్నదాన్ని ముట్టుకోలేవు. కాబట్టి పొక్కు లేచాక వేసుకునే మాత్ర కన్నా, ముందే ఒంట్లో ఉన్న మాత్రకే బలం ఎక్కువ. పైపూత క్రీమును ఈ పనికి నమ్ముకోవద్దు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు మోతాదు తగ్గించాలి, అందరూ నీళ్లు బాగా తాగాలి. పక్కింటివాళ్ల చీటీ చూసి కొనుక్కునే మాత్రలు కావివి.

ఇంటికి వెళ్లాక పెదవిని మాటిమాటికీ తడమకూడదు, ఎండలోకి వెళ్తే ఎస్పీఎఫ్ 30 ఉన్న లిప్ బామ్ రాయాలి. చిమచిమ మొదలైతే ఆ గంటలోనే క్లినిక్‌కు ఫోన్ చేయాలి. ఆ దశలో డాక్టర్ సలహాతో వాలాసైక్లోవిర్ 2 గ్రాములు, 12 గంటల తర్వాత ఇంకో 2 గ్రాములు వేసుకుంటే పుండు త్వరగా సర్దుకుంటుంది. పొక్కు ఉన్నన్నాళ్లూ పసిపిల్లలను ముద్దాడకూడదు, ఎందుకంటే నవజాత శిశువుకు ఈ వైరస్ ప్రాణాంతకం కావచ్చు. పొక్కు ముట్టుకున్న చేతితో కళ్లు నలపకూడదు. కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేకపోతే ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఇక అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు ఒకటుంది. ఫిల్లర్ రక్తనాళంలోకి పోయినా, నాళాన్ని బయటినుంచి నొక్కినా ఆ భాగానికి రక్తం అందదు. రెండో మూడో రోజున అక్కడ కూడా పొక్కుల్లాంటివి లేస్తాయి. "హెర్పిసే" అనుకుని మాత్రలిచ్చి పంపేస్తే ఆ చర్మం చచ్చిపోతుంది. తేడా పట్టుకోవాలంటే వెనక్కి వెళ్లి మొదటి రోజు నుంచి అడగాలి. హెర్పిస్‌లో ముందు చిమచిమ, దురద, తర్వాత ఎర్రటి చర్మం మీద ఒకేచోట గుంపుగా నీటి పొక్కులు. రక్తం ఆగినప్పుడు చాలాసార్లు సూది వేసిన వెంటనే, లేదా కొన్ని గంటల్లో చర్మం పాలిపోతుంది, తర్వాత వలలాగా నీలి చారలు తేలతాయి, నొప్పి పెరుగుతూ పోతుంది. అయితే మత్తుమందు ప్రభావంలో నొప్పి తెలియకపోవచ్చు. మచ్చ పెదవి దగ్గరే ఆగక రక్తనాళం దారి పట్టి ముక్కు వైపో, గడ్డం వైపో పాకవచ్చు. వేలితో ఐదు సెకన్లు నొక్కి వదలండి. మామూలు చర్మంలో రెండు మూడు సెకన్లలో రంగు తిరిగి వస్తుంది. రాలేదంటే, రెండో వైపుతో పోల్చి చూసినా ఆలస్యమవుతోందంటే, అనుమానం చాలు. హయలురోనిక్ ఆమ్లం అనే పదార్థంతో చేసిన ఫిల్లర్ అయితే హయలురోనిడేజ్ అనే ఎంజైమ్ ఇంజెక్షన్ దాన్ని కరిగిస్తుంది, కానీ ఇక్కడ గంటలే లెక్క. సందేహం తీరకపోతే రక్తప్రసరణ సమస్య అనుకునే ముందడుగు వేయాలి.

పొక్కులు వచ్చి మానినవాళ్ల కేసు షీట్‌లో ఏ వైపు, ఎన్నో రోజున, ఏ మాత్రతో తగ్గాయో రాసిపెట్టండి. తర్వాతి సిట్టింగుకు అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే ఆ పేజీ తీసి చూస్తే, మాత్రల చీటీ కూడా అప్పుడే చేతికివ్వచ్చు.