ఏప్రిల్‌లో మూసీకి నీళ్లెక్కడివి? నది లెక్కలోకి మనిషి వాడకం తెద్దాం

నమస్కారం. మొన్న ఎండాకాలం ఉప్పల్ దాటాక మూసీ ఒడ్డున కాసేపు ఆగాను. నల్లటి నీళ్లు, మీద తెల్లటి నురగ, పక్కనే మోకాలెత్తు పశువుల గడ్డి. వాన పడి నెలలైంది. అయినా నది పారుతోంది. ఆ నీళ్లు ఎక్కడివో ఈ రోజు ఒక స్ప్రెడ్‌షీట్‌లో లెక్క కడదాం.

ముందు మనిషి లేని నదిని తయారుచేద్దాం. నాలుగు కాలమ్స్ చాలు: వాన, ఆవిరి, నేలలో తేమ, నదిలోకి వచ్చేది. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల నుంచి వాడపల్లిలో కృష్ణలో కలిసే దాకా మూసీ పరీవాహకం సుమారు 11 వేల చదరపు కిలోమీటర్లు. జూలైలో 160 మిల్లీమీటర్ల వాన పడిందనుకోండి. అందులో 110 ఆవిరి, ఎండిన నేల తాగేది 30. మిగిలిన 20 నదిలోకి వస్తుంది. చదరపు కిలోమీటరుకు ఒక మిల్లీమీటరు అంటే వెయ్యి ఘనపు మీటర్లు. కాబట్టి ఈ 20 మిల్లీమీటర్లు 22 కోట్ల ఘనపు మీటర్లు, అంటే సుమారు 7.8 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). ఇవన్నీ నేర్చుకోవడానికి నేను వేసుకున్న అంకెలు. మీ షీట్‌లో వాతావరణ శాఖ వాన లెక్కలు పెట్టుకోండి.

ఇప్పుడు ఏప్రిల్ వరసకి రండి. పడ్డ చినుకులు నేలకే చాలవు, నదిలో సున్నా. మరి ఉప్పల్ దగ్గర నేను చూసిన నీళ్లు?

అవి నల్లా నీళ్లు. హైదరాబాద్ ఒకప్పుడు గండిపేట, హిమాయత్‌సాగర్ నీళ్లు తాగింది, అవి మూసీవే. తర్వాత గోదావరి ఉపనది మంజీర నుంచి, 2004 నుంచి నాగార్జునసాగర్ నుంచి, 2015 నుంచి గోదావరి మీది ఎల్లంపల్లి నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చుకుంటోంది. వంటకీ స్నానానికీ వాడాక అవి చాలావరకు డ్రైనేజీ పట్టుకుని మూసీలోకి దిగుతున్నాయి. సరఫరా చేసిన నీటిలో 80 శాతం మురుగుగా తిరిగొస్తుందని మన ఇంజనీర్లు లెక్క వేసుకుంటారు.

అందుకే షీట్‌లో రెండు కొత్త కాలమ్స్ పెడదాం. ఒకటి 'బయటి నుంచి వచ్చింది', రెండోది 'తిరిగొచ్చింది'. ఏప్రిల్‌లో బయటి నుంచి 1.5 టీఎంసీ వచ్చిందనుకుంటే తిరిగొచ్చేది 1.2.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి, నేను మొదటిసారి తప్పు చేసింది ఇక్కడే. నగరం వాడకం కదా అని ఆ 1.5ని మూసీలోంచి తీసేశాను. సున్నాలోంచి తీస్తే మైనస్ రావాలి, రాలేదు. నదిలో మైనస్ నీళ్లు ఉండవని ముందే సున్నా కంటే కిందికి పోనివ్వని మ్యాక్స్ ఫంక్షన్ పెట్టుకున్నాను, అది తప్పుని సున్నాగా మార్చి దాచేసింది. వారం రోజులు ఆ సున్నానే నమ్మాను. అందుకే చెప్తున్నాను, షీట్ పూర్తిగా సరిచూసుకునే దాకా మ్యాక్స్ వాడకండి. మైనస్ కనబడనివ్వండి.

తర్వాత పొలాలు. మూసీకి అడ్డంగా కట్టిన కత్వల దగ్గర నీళ్లు కాలువల్లోకి మళ్లి వరికీ గడ్డికీ వెళ్తాయి. ఏప్రిల్‌లో 0.9 టీఎంసీ మళ్లిందనుకోండి. అదంతా పోయినట్టు కాదు. 0.6 ఆవిరైంది, 0.3 మడిలోంచి ఇంకి మళ్లీ నదికి చేరింది. అంటే చివర మిగిలేది 1.2 తీసివేత 0.9 కూడిక 0.3, మొత్తం 0.6. తిరిగొచ్చేది మర్చిపోతే 0.3 అని చూపిస్తుంది. సగం నది మాయం! నిజానికి ఇంకిన నీరు అదే నెలలో రాదు. ఒకటి రెండు నెలలు ఆలస్యంగా వచ్చేలా కింది వరసలోకి జరపండి.

బోరు నీళ్లని మాత్రం నదిలోంచి కాకుండా భూగర్భ నిల్వకి ఇంకో కాలమ్ పెట్టి అందులోంచి తీయండి. ఆ నిల్వ తగ్గితే నదికి ఊరే ఊట దానంతటదే తగ్గుతుంది.

ఈ తిరుగు నీళ్లు చిన్న విషయం కాదు. కృష్ణా నీళ్లు పంచిన బచావత్ ట్రిబ్యునల్ 75 శాతం నమ్మకంతో, అంటే నూటికి 75 ఏళ్లు, దొరికే 2060 టీఎంసీలకి తిరుగు జలాలు మరో 70 కలిపింది. మూసీ నాగార్జునసాగర్‌కి దిగువన కృష్ణలో కలుస్తుంది. కాబట్టి సాగర్ నుంచి తెచ్చిన నీళ్లలో కొంత మళ్లీ కృష్ణకే చేరుతుంది. మంజీర, ఎల్లంపల్లి నీళ్లు మాత్రం గోదావరికి నష్టం, కృష్ణకి లాభం. మీ మోడల్ కృష్ణ మొత్తానికైతే ఈ రెండింటినీ వేరు వేరు గడుల్లో పెట్టండి.

సరిచూసుకోవడానికి మూసీ మీద దామరచర్ల దగ్గర కేంద్ర జల సంఘం కొలిచే ప్రవాహం ఉంది. వానాకాలం సరిపోయి ఎండాకాలం సరిపోకపోతే, మీ తప్పు వాన దగ్గర కాదు, తిరిగొచ్చే శాతం దగ్గర వెతకండి.

చివరగా ఒక్క ప్రయోగం. నగరం మురుగుని శుద్ధి చేసి అక్కడే మళ్లీ వాడుకుంటే ఏమవుతుంది? 80 తీసి 40 కొట్టండి. నదిలోకి వచ్చేది 0.6కి పడిపోయింది. పొలాలకి కావాల్సింది 0.9. ఉన్న 0.6 అంతా కత్వల దగ్గరే మళ్లిపోతుంది, అందులో మూడో వంతు తిరిగొస్తే కింద మిగిలేది 0.2. నగరంలో మంచి పని అనుకున్నది దిగువ రైతుకి 0.3 టీఎంసీ లోటు. నా షీట్‌లో ఆ గడికి ఎర్ర రంగు వేసి పెట్టాను. మీరూ వేయండి.