ఏడాదికి 10 పౌండ్ల అద్దె వదిలించుకోవడానికి ఎంతవుతుంది?

అందరికీ నమస్కారం. మొన్న మాంచెస్టర్ దగ్గరుండే ఫ్రెండ్ ఫోన్ చేశాడు. వాడిది పాత టెర్రేస్ ఇల్లు, అంటే వరసగా గోడలు కలిపి కట్టినవాటిలో ఒకటి. 999 ఏళ్ల లీజు, గ్రౌండ్ రెంట్ (నేల అద్దె) ఏడాదికి 10 పౌండ్లు. నేల అమ్ముతామని, అంటే ఫ్రీహోల్డ్ ఇచ్చేస్తామని ఓనర్ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చిందట. రేటు 1,500 పౌండ్లు. "కొనేయమంటావా?" అన్నాడు.

మన ఊళ్లో ఇల్లు రిజిస్ట్రేషన్ అయిందంటే నేలా గోడలూ కలిసే వస్తాయి. అక్కడ ఇలాంటి లీజు ఇళ్లకు అలా కాదు. ఇల్లు నీది, కింద నేల ఇంకొకరిది.

సరే, లెక్క చూద్దాం. ఏటా 10 పౌండ్లు వచ్చే హక్కుకి, 6 శాతం రాబడి చొప్పున వేస్తే, విలువ సుమారు 167 పౌండ్లు. లీజు ముగిశాక ఇల్లు వాళ్లకే పోతుంది నిజమే, కానీ ఎప్పుడో వందల ఏళ్ల తర్వాతి ఇంటికి ఇవాళ ఎవడు డబ్బిస్తాడు?

మరి బేరం లేకుండా చట్టం దారిలో వెళ్తే? ఇంగ్లండ్‌లో 1967 నాటి చట్టం లీజు ఇళ్లవాళ్లకు నేల కొనుక్కునే హక్కు ఇచ్చింది. ముందు రెండేళ్లు ఓనర్‌గా ఉండాలన్న రూలు కూడా 2025 జనవరి 31 నుంచి పోయింది. కానీ మన లాయరు, విలువ కట్టే వాల్యుయర్ ఫీజులతో పాటు అవతలివాళ్ల లాయరు, వాల్యుయేషన్ ఖర్చు కూడా, సబబైనంత వరకు, మన నెత్తినే. అసలు కంటే కొసరెక్కువ. అందుకే ఆ 1,500 చూసి వెంటనే కొట్టిపారేయలేం.

కొత్త ఇళ్లవాళ్ల గొడవ వేరే. కొన్ని లీజుల్లో గ్రౌండ్ రెంట్ పదేళ్లకోసారి డబుల్. 250తో మొదలైతే యాభై ఏళ్లకు 8,000. అలాంటి నేల రేటు వేలల్లోకి పోతుంది. 2022 జూన్ 30 నుంచి ఇచ్చిన కొత్త లీజుల్లో చాలావాటికి గ్రౌండ్ రెంటే లేదు, అంతకుముందు లీజులవాళ్లు మాత్రం ఇరుక్కున్నారు.

నాకు భయం రేటు గురించి కాదు. బేరంతో కొనేటప్పుడు దస్తావేజులో ఒక్కోసారి ఒక లైను దూరుస్తారు: నేల నీదయ్యాక కూడా వెనక గది కట్టాలంటే వాళ్ల పర్మిషన్, దానికి ఫీజు. అది ఉందేమో చూడమన్నాను.

ఫోన్లో కాగితం తిప్పిన చప్పుడు. "ఉందిరా. రెండో పేజీలో, చిన్న అక్షరాల్లో."