బాక్సింగ్ రింగ్ నుంచి హైడెల్‌బర్గ్ కొలను దాకా

ఎన్‌సీసీ క్యాడెట్లందరికీ నమస్కారం.

సికింద్రాబాద్‌లో తిరుమలగిరి వైపు వెళ్లినవాళ్లకు ఈఎంఈ సెంటర్ తెలిసే ఉంటుంది. సైన్యంలో ట్యాంకులు, ట్రక్కులు, రేడియోలు బాగుచేసే విభాగం అది. ఆ విభాగంలోనే జవానుగా చేరారు మురళీకాంత్ పేట్కర్. సొంతూరు మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా. 1965 యుద్ధం నాటికి చేయి తిరిగిన బాక్సర్. ఆ యుద్ధంలో ఒంట్లోకి తూటాలు దిగాయి. వెన్నులో ఇరుక్కున్న తూటాను తీయడం కుదరలేదు. కాళ్లు చచ్చుబడ్డాయి.

ఇక్కడికి రాగానే మనం ‘మనోబలం’ అనేస్తాం. అది ఆయనకు దండిగా ఉంది, కాదనను. కానీ మంచాన పడ్డ మనిషిని కొలను దగ్గరికి తీసుకెళ్లేవాళ్లు ఒకరుండాలి కదా? ఆయనకు ఈత మొదలైంది పతకం కోసం కాదు, ఫిజియోథెరపీ కోసం. అసలు పారాలింపిక్స్, అంటే దివ్యాంగుల ఒలింపిక్స్, పుట్టిందే ఆసుపత్రిలో. రెండో ప్రపంచ యుద్ధంలో వెన్ను దెబ్బతిన్న సైనికులకు వైద్యం చేసిన డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్, 1948లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్‌లో 16 మందికి విలువిద్య పోటీ పెట్టారు. మూలం అదే.

పేట్కర్ 1968 పారాలింపిక్స్‌కు ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్ వెళ్లి వీల్‌చెయిర్‌లో కూర్చుని టేబుల్ టెన్నిస్ ఆడారు. ఒక రౌండు దాటారు, అంతే. 1972 పారాలింపిక్స్ జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో. కాళ్లు ఆడనివాడు నీళ్లలోకి దిగితే నడుము కిందికి లాగేస్తుంటుంది. ముందుకు పోవడమూ, మునగకుండా తేలడమూ రెండూ భుజాల పనే. ఆ భుజాలు బాక్సర్‌వి! 50 మీటర్ల ఫ్రీస్టైల్‌ను 37.33 సెకన్లలో ఈదేశారు. ప్రపంచ రికార్డుతో స్వర్ణం. పారాలింపిక్స్‌లో మన దేశానికి అదే తొలి స్వర్ణం. జావెలిన్ విసిరారు, వీల్‌చెయిర్‌ను మలుపులు తిప్పుతూ నడిపే స్లాలమ్‌లోనూ దిగారు. ఒలింపిక్స్‌లో షూటర్ అభినవ్ బింద్రా మనకు తెచ్చిన తొలి వ్యక్తిగత స్వర్ణం అంతకు 36 ఏళ్ల తర్వాతి మాట.

దేశం మాత్రం తీరిగ్గా గుర్తించింది. పద్మశ్రీ ఇచ్చింది 2018లో.

ఇప్పుడు హవల్దార్ హొకాటో సెమా సంగతి చూడండి. నాగాలాండ్ మనిషి. 2002లో కశ్మీర్‌లో మందుపాతర పేలి ఎడమ కాలు పోయింది. పుణెలోని కృత్రిమ అవయవాల కేంద్రంలో ఆయన శరీర దారుఢ్యం చూసి ఒక ఆర్మీ ఆఫీసర్, షాట్‌పుట్ పట్టి చూడమన్నారు. అప్పటికి వయసు 32. ఆయన పోటీపడే విభాగంలో కూర్చునే విసరాలి. పరుగు ఊపు ఉండదు, ఉన్నదంతా నడుము, ఛాతీ, చెయ్యి. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 14.65 మీటర్లు విసిరి కాంస్యం గెలిచారు, నలభై ఏళ్ల వయసులో. పట్టి చూడమని అడిగినవాళ్లు ఉన్నారు, సాధనకు చోటు ఉంది. నా దృష్టిలో మంచానికీ పతకానికీ మధ్య తేడా అక్కడే.

2024 సంవత్సరపు అర్జున అవార్డుల జాబితాలో సెమా పేరుంది, మన వరంగల్ వైపు కల్లెడ అమ్మాయి, పారా అథ్లెట్ జీవాంజి దీప్తి పేరూ ఉంది. జీవిత సాఫల్య విభాగంలో అప్పటికి ఎనభై ఏళ్ల పేట్కర్ ఉన్నారు.