స్వార్జితం అనే మాటలో ఎవరెవరున్నారు

శ్రోతలందరికీ నమస్కారం.

మా నాన్నగారికి రెండు రకాల భూమి ఉండేది. ఒకటి తాతగారి నుంచి వచ్చిన రెండెకరాల మాగాణి, కృష్ణా కాలువ కింద. రెండోది ఆయన ఎరువుల కొట్టు నడిపి, రూపాయి రూపాయి కూడబెట్టి కొన్న ఎకరం నల్లరేగడి. నేను ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు ఫీజు కట్టడానికి ఆ నల్లరేగడి అమ్మేశారు, అదీ ఒక్క పూటలో తేల్చేసి. మంచి పత్తి చేను అది. మాగాణి మీద వచ్చే కౌలు అంతంతమాత్రం, పైగా వరసగా రెండేళ్ళు నీళ్ళు సరిగా అందక కౌలుదారు చేతులెత్తేశాడు, అయినా దాన్ని అమ్మే మాట ఇంట్లో ఎవరూ ఎత్తడానికి వీల్లేదు. ఇదేంటి నాన్నా, పండేది అమ్మి పండనిది ఉంచుకుంటారా అని అడిగాను. "అది నాది కాదురా, మీ తాతది. ఇదైతే నాది. పోతే మళ్ళీ సంపాదిస్తాను" అన్నారు.

ఈ మాట నా తలలోంచి ఇప్పటికీ పోలేదు. ఎందుకంటే మనం చిన్నప్పటి నుంచి విన్నది దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. తాతలు సంపాదించింది మనవలు తగలేస్తారనీ, కష్టపడి సంపాదించినవాడికే రూపాయి విలువ తెలుస్తుందనీ, కూర్చుని తింటే కొండలైనా కరిగిపోతాయనీ. అలాంటి ఇళ్ళు లేవని కాదు, ప్రతి ఊళ్ళో ఒకటో రెండో ఉంటాయి. కానీ మా నాన్నగారిలో రెండు రకాల మనుషులు లేరు కదా, ఒక్క మనిషే, సంపాదించినదాన్ని తేలిగ్గా వదిలేశాడు, వచ్చినదాన్ని ప్రాణంలా కాపాడాడు. తేడా మనిషిలో కంటే ఆ ఆస్తిని ఆయన ఎవరిది అనుకున్నారు అన్నదాంట్లో ఉంది.

మన దస్తావేజుల్లో దీనికి రెండు మాటలున్నాయి, మీరూ వినే ఉంటారు. పిత్రార్జితం, స్వార్జితం. రిజిస్ట్రారు ఆఫీసు బయట చెట్టు కింద కూర్చునే లేఖరి గారు కాగితం మీద కలం పెట్టగానే అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి. హిందూ ఉమ్మడి కుటుంబాల్లో, మితాక్షర అనే పాత హిందూ ధర్మశాస్త్ర న్యాయం ప్రకారం, పిత్రార్జితంలో కొడుక్కి పుట్టగానే హక్కు వచ్చేస్తుంది. స్వార్జితం అలా కాదు, తండ్రి తన ఇష్టం, ఎవరికి కావాలంటే వాళ్ళకి వీలునామా రాసుకోవచ్చు. ఇది చట్టంలో ఒక చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ ఇళ్ళలోకి వెళ్ళి చూడండి. పిత్రార్జితం ఉన్న ఇంట్లో ఇరవై ఏళ్ళ కుర్రాడు తండ్రి ముందు నిలబడి నా వాటా పంచు అనగలడు, తండ్రి అక్కడ యజమాని కాదు, పేరుకి కర్త, అందరి తరఫునా చూసుకునే మనిషి అంతే. అంతా స్వార్జితమే ఉన్న ఇంట్లో నలభై ఏళ్ళ కొడుకు కూడా తండ్రి మూడ్ చూసుకుని మాట్లాడతాడు, ఏ మాటకి కోపం వచ్చి ఎవరి పేరున రాసేస్తాడో అని టెన్షన్. అదే డబ్బు, అదే భూమి, కానీ ఒకచోట కొడుకులకి నోరొస్తుంది, ఇంకోచోట నోరు పడిపోతుంది. ఇక ఆడపిల్లలకైతే చాలాకాలం ఆ పుట్టుకతో వచ్చే హక్కే లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది, అది కూడా అప్పటికి పెళ్ళి కాని కూతుళ్ళకే. దేశమంతటికీ 2005లో గానీ రాలేదు. అప్పటిదాకా పిత్రార్జితం అనే మాటలో మా మేనత్తలు లేరు, ఆ పొలంలో నాట్లు వేసిన రోజుల్లో మాత్రం ఉన్నారు.

పెద్ద ఆస్తుల సంగతి చెప్పాలంటే మనకి హైదరాబాదు కంటే దగ్గరి ఉదాహరణ లేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి రెండు మూడేళ్ళ వయసులో గద్దె వచ్చింది. ఆయన బట్టల కోసం కట్టిన పొడవాటి చెక్క బీరువాల వరస పురానీ హవేలీలో ఇప్పటికీ ఉంది, చూసినవాళ్ళకి తెలుసు, ఆ గది ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి వెళ్ళాలి. ఆయన కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కీ అంతా వారసత్వంగానే వచ్చింది, 1911లో. 1937లో టైమ్ పత్రిక ప్రపంచంలో అందరికంటే ధనవంతుడని ముఖచిత్రం వేసింది. ఈయన ధోరణి తండ్రికి పూర్తి వ్యతిరేకం, మాసిన షేర్వానీ, పాత టోపీ. తండ్రి బూటులో దొరికిందని చెప్పే జాకబ్ వజ్రాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బల్ల మీద పెట్టుకున్నాడంటారు. చాలామంది దీన్ని పిసినారితనం అని నవ్వుకుంటారు. నాకు మా నాన్నగారి మాగాణి గుర్తొస్తుంది. తనది అనుకోని దాన్ని మనిషి ఖర్చు పెట్టలేడు, కాపలా మాత్రమే కాయగలడు, ఆ కాపలా ముదిరితే ఇలాగే ఉంటుందేమో. 1967లో ఆయన పోయాక అదంతా మనవడు ముకర్రం జా మీద పడింది. ఆస్తితోపాటు వేలమంది నౌకర్లు, ఆశ్రితులు, కోర్టు కేసులు కూడా పడ్డాయి. ఆయనకి యంత్రాలంటే ఇష్టం, ఇంజన్లు విప్పి బాగుచేయడం ఇష్టం. ఇవన్నీ వదిలి పశ్చిమ ఆస్ట్రేలియాలో గొర్రెల ఫారం కొనుక్కుని అక్కడ కాలం గడిపాడు. చివరికి ఆస్తి చాలావరకు చేజారిపోయింది, నిజాం నగలు 1995లో భారత ప్రభుత్వం 218 కోట్లకి కొన్నది, ఆయన 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో కన్నుమూస్తే తెచ్చి మక్కా మసీదులో ఖననం చేశారు. ఒకే సంపద, ముగ్గురు వారసులు. ఒకరు అనుభవించారు, ఒకరు కాపలా కాశారు, ఒకరు దాని బరువు నుంచి దూరంగా వెళ్ళిపోయారు. వారసుడంటే ఇలాగే ఉంటాడు అని చెప్పేవాళ్ళు ఈ ముగ్గురిలో ఎవర్ని చూసి చెబుతున్నారో మరి.

ఇప్పుడు సొంతంగా పైకొచ్చినవాళ్ళ దగ్గరికి వద్దాం. వీళ్ళంటే నాకు గౌరవం, మా నాన్నగారూ అందులోనివారే. కానీ వీళ్ళలో ఒక జబ్బు చూశాను, చెప్పకుండా ఉండలేను. నేను పడ్డాను కదా కష్టం, వాడెందుకు పడడు అనేది ఆ జబ్బు. మా దగ్గరి బంధువుల్లో ఒకాయన కూలి నుంచి మొదలుపెట్టి మూడు లారీల ఓనరయ్యాడు. డ్రైవరు పిల్లాడికి జ్వరమని సెలవడిగితే, నేను నూట రెండు జ్వరంతో బస్తాలు మోశాను తెలుసా అంటాడు. తను మోసిన బస్తాల బరువు మర్చిపోయి కాదు, బాగా గుర్తుండబట్టే అలా అంటాడు. పుట్టుకతో డబ్బున్నవాడికి ఎక్కడో ఒక మూల తెలుసు, ఇది నాకు ఊరికే వచ్చిందని. సంపాదించినవాడికి ఆ సందేహమే రాదు. తన వెనక ఎవరూ లేరని నిజంగా నమ్ముతాడు.

అందుకే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారంటే నాకు అంత ఇష్టం. కృష్ణా జిల్లా నుంచి బొంబాయి వెళ్ళి 1893లో అమృతాంజనం మొదలుపెట్టారు. తలనొప్పి మందు అమ్మి లక్షలు గడించారు. ఆ డబ్బుతో 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రిక వారపత్రికగా పెట్టి, 1914లో మద్రాసులో దాన్ని దినపత్రిక చేశారు, 1924లో భారతి మాసపత్రిక తెచ్చారు, తక్కువ ధరకి పుస్తకాలు అచ్చువేశారు, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళారు. రాయలసీమకీ కోస్తాకీ మధ్య శ్రీబాగ్ ఒప్పందం 1937లో జరిగింది ఆయన ఇంట్లోనే. జనం దేశోద్ధారక అని ఊరికే పిలవలేదు. సొంతంగా సంపాదించి కూడా అది నా ఒక్కడిదే అనుకోని మనిషి ఆయన. ఆయన తర్వాత కంపెనీనీ పత్రికనీ నడిపింది అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారు, అంటే వారసుడే. ఆ వారసత్వంలో డబ్బుతోపాటు డబ్బుని ఏం చేయాలన్నదీ వచ్చింది.

ఇంకొకటి. మన హైదరాబాదు మందుల పరిశ్రమ గురించి మాట్లాడేటప్పుడు అంతా స్వయంకృషి అంటాం. తాడేపల్లి పసుపు రైతు కొడుకు కల్లం అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన సంగతి గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ ఆయన అంతకుముందు పనిచేసింది ఐడీపీఎల్‌లో, బాలానగర్ పక్కన ప్రభుత్వం జనం డబ్బుతో కట్టిన ఫ్యాక్టరీ అది. అక్కడ పని నేర్చుకున్న కెమిస్టులు ఈ ఊళ్ళో ఎన్ని కంపెనీల్లో ఉన్నారో, ఎన్ని పెట్టారో. వాళ్ళ తెలివీ ధైర్యమూ వాళ్ళవే, ఆ ఫ్యాక్టరీ మాత్రం అందరిదీ.

భూముల సంగతైతే చెప్పనక్కర్లేదు. 2023 ఆగస్టులో హైదరాబాదు శివారు కోకాపేటలో జరిగిన వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. అది ప్రభుత్వ భూమి, కానీ ఆ ధర చూసుకుని చుట్టుపక్కల ప్రతి గజానికీ రెక్కలొచ్చాయి. అక్కడ పొలం నిలుపుకున్నవాడు ఇవాళ నేను తెలివిగా ఆగాను అంటాడు. పాపం అంతకుముందే కూతురి పెళ్ళికి అమ్ముకున్న పక్కపొలం రైతుకి తెలివి లేకనా? రింగు రోడ్డు వేసింది ఇద్దరిలో ఎవరూ కాదు. ఆ డబ్బుని పిత్రార్జితం అనాలో స్వార్జితం అనాలో నాకైతే తెలియడం లేదు.

చివరిగా మళ్ళీ మా ఇంటికే వస్తాను. నాన్నగారు పోవడానికి ఏడాది ముందు వీలునామా రాయించారు. నేనూ చెల్లీ పక్కనే ఉన్నాం. ఇల్లు దగ్గరికి వచ్చేసరికి లేఖరి గారు, "ఇది తమరి స్వార్జితమే కదండీ?" అని అడిగి సమాధానం కోసం ఆగకుండా రాసేస్తున్నారు. నాన్నగారు ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. "స్థలం కొన్నప్పుడు మా ఆవిడ గాజులూ గొలుసూ తాకట్టు పెట్టానండీ. గొలుసు విడిపించాను, గాజులు విడిపించలేకపోయాను. అది కూడా రాయండి" అన్నారు. చట్టానికి ఆ వాక్యం అక్కర్లేదండీ, స్వార్జితం అంటే సరిపోతుంది అన్నారు లేఖరి గారు. అక్కర్లేకపోయినా రాయమన్నారు నాన్నగారు. రాశారు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్న మా అమ్మ ఆ మాట విని అక్కడే కూర్చుండిపోయింది.

సెలవు. నమస్కారం.