అప్‌డేట్ అయ్యాక లోపల ఏం నడుస్తోంది?

అందరికీ నమస్కారం. లైనక్స్ సర్వర్లు చూసుకునేవాళ్లు, ఇంట్లో ఉబుంటు వాడేవాళ్లు, ఇంకా చదువుకుంటున్నవాళ్లు కూడా ఇక్కడున్నారు కాబట్టి అందరికీ పనికొచ్చే ప్రశ్నతో మొదలుపెడతాను. నిన్న రాత్రి సెక్యూరిటీ అప్‌డేట్లన్నీ వేశారనుకోండి. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. మరి ఆ లోపాల నుంచి మీ మెషీన్ బయటపడినట్టేనా? చాలాసార్లు కాదు. ఎందుకు కాదో చెప్పడానికే వచ్చాను.

2014 ఏప్రిల్ 7న హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. ఇంటర్నెట్ రాకపోకలను రహస్యంగా ఉంచే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలో, అంటే చాలా ప్రోగ్రామ్‌లు కలిసి వాడుకునే కోడ్‌లో, ఉన్న ఆ లోపంతో, బయటివాళ్లు ఒక్కో రిక్వెస్ట్‌కు 64 కిలోబైట్ల దాకా సర్వర్ మెమరీని చదివేయగలిగారు. పాస్‌వర్డులు, సర్టిఫికెట్ల ప్రైవేట్ కీలు కూడా అందులో దొరికే ప్రమాదం వచ్చింది. సరిచేసిన 1.0.1జి వెర్షన్ అదే రోజు విడుదలైంది. కానీ ప్యాకేజీ వేసి, వెర్షన్ సరిచూసుకుని అక్కడితో ఆగిపోతే, అపాచీ వెబ్ సర్వర్, మెయిల్ సర్వర్ లాంటివి మొదలైనప్పుడు మెమరీలోకి తెచ్చుకున్న పాత లైబ్రరీతోనే నడుస్తుంటాయి. డిస్క్ మీద లోపం పోయింది, మెమరీలో అలాగే ఉంది. పైగా చేయాల్సింది చేసేశామన్న ధీమాతో మనం ఇక అటు చూడం. నాకు ఎక్కువ భయం కలిగించేది ఆ ధీమానే.

ఇలా ఎందుకు జరుగుతుందో చూద్దాం. అప్‌డేట్లు వేసే ప్యాకేజీ మేనేజర్ పాత ఫైల్‌ని దిద్దదు. కొత్త ఫైల్‌ని పక్కన రాసి, పాత పేరుని దానికి తగిలిస్తుంది. నేమ్‌ప్లేట్ మార్చినంత మాత్రాన లోపల అద్దెకున్నవాళ్లు ఖాళీ చేయరు కదా! పాత ఫైల్‌కి పేరు పోయినా, దాన్ని వాడుకుంటున్న ప్రోగ్రామ్ ఒక్కటి ఉన్నా సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ దాన్ని చెరిపేయదు. ఇది చక్కని ఏర్పాటే. నడుస్తున్న ప్రోగ్రామ్ కింద ఉన్న ఫైల్‌ని ఉన్నచోటే తిరగరాస్తే అది క్రాష్ అయ్యే ప్రమాదం ఉంది.

మీ కళ్లతో చూడాలంటే, ప్రాక్ డైరెక్టరీలో ఆ ప్రోగ్రామ్ ప్రాసెస్ నంబర్ కింద ఉన్న మ్యాప్స్ ఫైల్ తెరవండి. లైబ్రరీల పేర్లు వరుసగా కనిపిస్తాయి. ఏదైనా లైబ్రరీ పేరు చివర ‘డిలీటెడ్’ అని ఉంటే, ఆ ప్రోగ్రామ్ ఇంకా పాత కోడ్‌నే పట్టుకుని ఉందన్నమాట. ఇంటికెళ్లాక ఒక్కసారి చూడండి. ఎన్ని వారాల కిందటి కోడ్ నడుస్తోందో చూసి ఆశ్చర్యపోతారు.

ఈ వెతుకులాట చేసిపెట్టే టూల్స్ ఉన్నాయి. డెబియన్, ఉబుంటుల్లో నీడ్‌రీస్టార్ట్, ఫెడోరా, రెడ్ హ్యాట్ వైపు డీఎన్‌ఎఫ్‌లో నీడ్స్-రీస్టార్టింగ్, ఓపెన్‌సూసేలో జిప్పర్ పీఎస్. అప్‌డేట్ అయ్యాక ఫలానా సర్వీసులు పాత లైబ్రరీలు వాడుతున్నాయి అంటూ వచ్చే జాబితాని చదవకుండా క్యాన్సిల్ కొట్టేయకండి. అన్నట్టు, ఆ నీడ్‌రీస్టార్ట్‌ని కూడా అప్‌డేట్ చేస్తూ ఉండాలి. మామూలు యూజర్ రూట్ అధికారం, అంటే మెషీన్ మీద పూర్తి అధికారం, సంపాదించగల లోపాలు అందులోనే పదేళ్లుగా ఉన్నాయని 2024 నవంబర్‌లో క్వాలిస్ అనే సెక్యూరిటీ సంస్థ బయటపెట్టింది. 3.8 వెర్షన్‌లో సరిచేశారు.

ఇప్పుడు ఎక్కువమంది పొరబడే చోటు. ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్‌ని రీలోడ్ చేస్తే చాలనుకుంటారు. రీలోడ్ చేస్తే కొత్త కాన్ఫిగరేషన్‌తో కొత్త వర్కర్లు, అంటే అసలు పని చేసే ప్రాసెస్‌లు, పుడతాయి, నిజమే. కానీ వాటిని పుట్టించేది పాత మాస్టర్ ప్రాసెస్. దాని మెమరీలో ఉన్న పాత లైబ్రరీలే వర్కర్లకూ వస్తాయి. కాబట్టి రీస్టార్ట్ చేయాల్సిందే. ఒక్క కనెక్షన్ కూడా తెగకూడదంటే, మాస్టర్‌కి యూఎస్‌ఆర్2 సిగ్నల్ పంపి కొత్త మాస్టర్‌ని లేపి, అది సరిగ్గా నడుస్తోందని చూసుకున్నాక పాతదాన్ని క్విట్ సిగ్నల్‌తో సాగనంపవచ్చు. ఈ సదుపాయం ఎన్‌జిన్‌ఎక్స్‌లో ఎప్పటినుంచో ఉంది.

దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అవడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ విషయంలో టెన్షన్ అక్కర్లేదు. మామూలు సెటప్‌లో సర్వీసుని రీస్టార్ట్ చేసినా మీ లాగిన్ సెషన్ తెగదు. ముందు కాన్ఫిగరేషన్ టెస్ట్ చేయండి, తర్వాత రీస్టార్ట్ చేసి, ఉన్న సెషన్ మూయకుండానే ఇంకో కిటికీలోంచి లాగిన్ అయి చూడండి. పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్ అయితే కనెక్షన్లు తెగుతాయి కాబట్టి రద్దీ లేని వేళ చూసుకోవాలి. ఆపే ముందు, మెమరీలోని మార్పులను డిస్క్ మీదికి రాసేసే చెక్‌పాయింట్ కమాండ్ ఇస్తే షట్‌డౌన్ త్వరగా ముగుస్తుంది.

ప్రోగ్రామ్‌ల మధ్య సందేశాలు మోసే డీ-బస్ జోలికి మాత్రం వెళ్లకండి. దాన్ని మధ్యలో రీస్టార్ట్ చేస్తే దాని మీద ఆధారపడ్డవి చిక్కుల్లో పడతాయి, రీబూట్ చేయడమే మంచిది. కెర్నల్‌కీ రీబూటే. 2015లో వచ్చిన 4.0 కెర్నల్ నుంచి, రీబూట్ లేకుండానే కెర్నల్‌ని సరిచేసే లైవ్ ప్యాచింగ్ సదుపాయం ఉంది, కానీ దానితో కొన్ని ముఖ్యమైన లోపాలను మూయగలం తప్ప పూర్తిగా కొత్త కెర్నల్‌కి మారలేం. ఉబుంటులో అప్‌డేట్లను తనంతట తానే వేసే అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ పెట్టుకుని నిశ్చింతగా ఉన్నవాళ్లు ఇది గమనించండి: మీరు సెట్టింగ్ మార్చకపోతే అది తనంతట తాను రీబూట్ చేయదు. రీబూట్ కావాలని చెప్పే ఒక ఫైల్ మాత్రం సిస్టమ్‌లో పడి ఉంటుంది.

కంటైనర్ల, అంటే కావాల్సినవన్నీ వెంట పెట్టుకుని విడిగా నడిచే ప్రోగ్రామ్‌ల, సంగతి వేరు. వాటి లైబ్రరీలు అవి తయారయ్యే మూసలో, అంటే ఇమేజ్‌లోనే ఉంటాయి. వాటిని నడిపే మెషీన్‌ని ఎంత అప్‌డేట్ చేసినా వాటికి అందదు. ఉన్న కంటైనర్‌ని రీస్టార్ట్ చేసినా పాత ఇమేజే లేస్తుంది. ఇమేజ్‌ని కొత్తగా బిల్డ్ చేసి, కంటైనర్‌ని మళ్లీ సృష్టించాలి. అన్నీ తనలోనే కలిపేసుకున్న గో భాషలో రాసిన ప్రోగ్రామ్‌లకూ అంతే, మళ్లీ బిల్డ్ చేయాలి.

మా సర్వర్ ఏడాదిగా ఒక్కసారి కూడా ఆగలేదని కొందరు గర్వంగా చెబుతారు. లైవ్ ప్యాచింగ్ లేకపోతే, ఆ ఏడాదిలో వచ్చిన కెర్నల్ ఫిక్స్ ఒక్కటి కూడా అందులో పనిచేయడం లేదని నాకు అర్థమవుతుంది. డౌన్‌టైమ్ అడిగేటప్పుడే అప్‌డేట్‌కీ రీస్టార్ట్‌కీ కలిపి అడగండి, రెండూ ఒకే రాత్రి ముగించండి. రీస్టార్ట్ చేయాలంటే మీకు భయం వేసే సర్వీస్ ఏదో ఒకటి ఉండే ఉంటుంది. అదేమిటో చెప్పండి, ప్రశ్నలు దానితోనే మొదలుపెడదాం.