సెల్ టవర్‌కు తెలిసిన రాకపోకలు

శ్రోతలకు నమస్కారం.

ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కరోనా కేసు 2020 మార్చి 12న మన నెల్లూరులోనే బయటపడిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ నెల 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ అమలైంది. జనం నిజంగా ఇంటిపట్టున ఉన్నారో లేదో తెలుసుకోవడానికి అనేక దేశాల పరిశోధకులు ఆశ్రయించిన ఆధారాలలో సెల్‌ఫోన్ ఒకటి.

మనం ఫోన్ మాట్లాడినప్పుడల్లా, ఏ నంబరు ఏ టవర్ పరిధిలో ఎన్నింటికి ఉన్నదో కంపెనీ లెక్కల్లో నమోదవుతుంది. పట్నంలో టవర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి గనుక మనిషి ఏ పేట నుంచి ఏ పేటకు వెళ్లాడో ఒక అంచనా దొరుకుతుంది. ఉదయగిరి కొండల వైపో, కనిగిరి మెట్టల్లోనో ఒకే టవర్ కింద రెండు మూడు పల్లెలుంటే, వాటి మధ్య రోజంతా తిరిగినవాడు కూడా కదలనట్టే లెక్క. కెన్యాలో దాదాపు కోటిన్నర ఫోన్ల రికార్డులతో మలేరియా ఏ ప్రాంతం నుంచి ఏ ప్రాంతానికి చేరుతున్నదో పరిశీలించి, 2012లోనే ఫలితాలు ప్రకటించారు.

కరోనా కాలంలో గూగుల్ సంస్థ 2020 ఏప్రిల్ నుంచి 2022 అక్టోబరు వరకు, టవర్ లెక్కలతో కాక ఫోన్లలోని లొకేషన్ సమాచారంతో, జనం రాకపోకలపై నివేదికలు వెలువరించింది. 2020 జనవరి 3 నుంచి ఫిబ్రవరి 6 వరకు గడిచిన అయిదు వారాలను మామూలు రోజులుగా తీసుకొని, అంగళ్లలో, బస్టాండ్లలో, పనిచోట్ల రద్దీ ఎంత శాతం మారిందో జిల్లాల వారీగా చూపింది. మన సంక్రాంతి ఆ అయిదు వారాల్లోనే వచ్చింది! అయితే వారంలోని ఒక్కొక్క రోజుకూ మధ్యస్థ విలువను, అంటే అయిదు వారాల అంకెలను వరుసగా పేర్చితే సరిగ్గా నడుమ వచ్చేదానిని, తీసుకున్నారు గనుక పండుగ ప్రభావం చాలావరకు అణిగిపోతుంది.

నా దృష్టిలో అసలు చిక్కు జిల్లా సగటుతోనే ఉంది. 2020 మే నెలలో చెన్నై కోయంబేడు మార్కెట్‌కు వెళ్లివచ్చినవారి ద్వారా నెల్లూరు, చిత్తూరు జిల్లాలలో కేసులు పెరిగాయి. జిల్లా అంతా తలుపులు వేసుకున్నా, కూరగాయల లారీలు ఆగితే వంట ఆగుతుంది గదా. ఆ కొద్దిపాటి రాకపోకలే రోగాన్ని మోసుకువచ్చాయి. లక్షల ఫోన్ల సగటులో కొన్ని పదుల డ్రైవర్ల ప్రయాణం కనిపించదు, అది కనిపించాలంటే ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎందరు వెళ్లారన్న లెక్కను విడిగా తీయాలి. ఇక వేటకు వెళ్లి ఒడ్డు సిగ్నల్ దాటిన పడవలోని మనిషీ, ఇంటిల్లిపాదికీ ఉన్న ఒక్క ఫోన్‌ను కొడుకు తీసుకువెళ్లగా ఇంట మిగిలిన తల్లీ ఏ లెక్కలోకీ రారు.

పేర్లు తీసివేస్తే భయం లేదనుకోవడమూ పొరపాటే. పదిహేను లక్షల మంది ఫోన్ రికార్డులను పరిశీలించి 2013లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, ఒక మనిషి ఏ వేళ ఎక్కడున్నాడన్న నాలుగు ఆనవాళ్లు చాలు, నూటికి తొంభై అయిదుగురిని మిగతావారి నుంచి వేరుచేయవచ్చని తేలింది. అందుకే మనుషులు మరీ తక్కువగా ఉన్నచోట గూగుల్ తన పట్టికలో అంకె వేయకుండా గడిని ఖాళీగా వదిలింది. ఆ ఖాళీని సున్నాగా చదువుకుంటే, ఆ ఊళ్లో ఎవరూ కదలలేదని పొరపడతాము.

నమస్కారం.