తెల్లరాయి దొరికిందా? రంగు చూసి పేరు పెట్టకండి

[దృశ్యం: వేంపల్లె దగ్గర కొండదారి. బండ మీద మూడు తెల్లరాళ్లు, పక్కన ఒక ఇనుప మేకు.]

ఈ మూడు రాళ్లూ వేంపల్లె, పులివెందుల చుట్టుపక్కల కొండల్లో కనిపించే రకాలే. మూడూ తెల్లవే. ఒకటి పలుగురాయి, అంటే క్వార్ట్జ్. ఒకటి కాల్సైట్, అంటే సున్నపురాయిలో ఉండే ఖనిజం. ఇంకొకటి ముగ్గురాయి, అంటే బెరైటీస్. ఫోన్‌లో ఫోటో తీసి ఏ యాప్‌కి చూపించినా మూడింటినీ క్వార్ట్జ్ అనేసే అవకాశం ఉంది. పాపం దానికి కనిపించేది రంగు ఒక్కటే. రాయి విషయంలో అన్నిటికన్నా తక్కువ నమ్మాల్సింది ఆ రంగునే. అందుకని ముందు, మీరు ఏ నేల మీద నిలబడి ఉన్నారో చూసుకోండి.

[దృశ్యం: గువ్వలచెరువు ఘాట్ రోడ్డు, మలుపులో కోసిన కొండ.]

కడప నుంచి రాయచోటి పోయేవాళ్లు గువ్వలచెరువులో పాలకోవా కోసం ఆగుతారు. ఈసారి ఆగినప్పుడు కోవా తింటూ కొండ వైపు కూడా ఒకసారి చూడండి. ఘాట్ దాటి రాయచోటి వైపు దిగితే చుట్టూ గుండ్లు గుండ్లుగా గ్రానైటు జాతి పాత రాయి. కొండ పైభాగంలో ఉన్నది మాత్రం ఇసుక పేరుకుని, గట్టిపడి, పొరలు పొరలుగా తయారైన క్వార్ట్జైట్. కింద ఉన్న రాయి పుట్టి, అరిగిపోయి, కోట్ల ఏళ్లు గడిచాకే దాని మీద ఈ ఇసుక చేరింది. కడప, కర్నూలు రాతిపొరల గురించి 1872లో జియలాజికల్ సర్వే తరఫున పుస్తకం రాసిన విలియం కింగ్, ఈ పొరకు గువ్వలచెరువు పేరే పెట్టాడు. ఇప్పటికీ భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని గుల్చేరు క్వార్ట్జైట్ అనే అంటారు.

దీంతో మనకేం పని అంటారా? చాలా ఉంది. రాయచోటి వైపు, లేదా అనంతపురం, పెనుకొండ, గుత్తి కొండల్లో తెల్లరాయి కనిపిస్తే అది చాలావరకు పలుగురాయి అయి ఉంటుంది, లేదంటే గ్రానైటులో ఉండే ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం. ఎండలో అటూ ఇటూ తిప్పినప్పుడు చదునైన ముఖాలు అద్దంలా తళుక్కుమంటే ఫెల్డ్‌స్పార్ అనుకోవచ్చు. అదే వేంపల్లె, పులివెందుల వైపు వస్తే నేల మారిపోతుంది. ఇక్కడున్నది డోలమైట్ అనే సున్నపురాయి జాతి. దాని పగుళ్లలో కాల్సైట్ ఉండొచ్చు, ముగ్గురాయి ఉండొచ్చు, పలుగురాయీ ఉండొచ్చు. చిక్కంతా ఇక్కడే.

[దగ్గరి దృశ్యం: మేకుతో రాయి మీద గీస్తున్న చెయ్యి.]

ఇప్పుడు మేకు తీసుకుందాం. మొదటి రాయి మీద గట్టిగా గీశాను. బూడిదరంగు గీత పడింది. గీత పడింది కాబట్టి మెత్తటి రాయి అనుకుంటే పొరపాటు. వేలు తడిపి ఆ గీతను రుద్దండి... పోయింది, చూశారా? రాయి అరగలేదు, మేకే అరిగి దాని ఇనుము రాయికి అంటుకుంది. ఇది పలుగురాయి. గట్టిదనం కొలిచే మోస్ స్కేలులో దానిది 7, మామూలు మేకుది 4, 5 మధ్యలో ఉంటుంది. పలుగురాయి పగిలినచోట గాజు పెంకులా వంపు తిరిగి ఉంటుంది.

రెండో రాయి. గీస్తే తెల్లటి పొడి రాలింది, వేలితో రుద్దినా గాడి అలాగే ఉంది. మూడోది కూడా అంతే. కాల్సైట్ గట్టిదనం 3, ముగ్గురాయిది 3, 3.5 మధ్య. మేకు ఈ రెండింటినీ విడదీయలేదు. అందుకే సీసాలో కాస్త వెనిగర్ తెచ్చాను. నిమ్మకాయైనా పనిచేస్తుంది. రాలిన పొడి మీద రెండు చుక్కలు వేసి భూతద్దంలో చూద్దాం.

[దగ్గరి దృశ్యం: పొడి మీద సన్నటి బుడగలు.]

రెండో రాయి పొడి బుసబుసా పొంగుతోంది. పులుపు తగలగానే కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తోంది. ఇది కాల్సైట్. డోలమైట్ అయితే పొడి చేసినా బుడగలు బద్ధకంగా, ఒకటీ అరా వస్తాయి. మూడో రాయి పొడిలో మాత్రం ఏ చలనమూ లేదు.

మన వంటింట్లో కడప బండ మీద నిమ్మరసం పడితే మెరుపు పోయి మచ్చ పడుతుంది కదా, దానికీ కారణం ఇదే. నల్లగా ఉంటుంది కాబట్టి చాలామంది దాన్ని గ్రానైటు అనుకుంటారు గానీ, అది సున్నపురాయే. మనవాళ్లు నాపరాయి అనే జాతి. దాన్ని అమ్మేవాళ్లలో కూడా కొందరు 'బ్లాక్ గ్రానైట్' అనేస్తారు. ఈసారి కొనేముందు చిన్న ముక్క అడిగి నిమ్మకాయ పిండి చూడండి.

[దృశ్యం: మూడో రాయిని అరచేతిలో పట్టుకుని ఎగరేస్తూ.]

మూడో రాయి సంగతి మేకు చెప్పలేదు, వెనిగరూ చెప్పలేదు. ఇక చెయ్యే చెప్పాలి. ఒక చేతిలో పలుగురాయి, ఇంకో చేతిలో అంతే సైజున్న ఈ రాయి పట్టుకోండి. ఈ చెయ్యి కిందికి లాగుతుంది. ఒకే సైజు ముక్కలైతే ముగ్గురాయి ఒకటిన్నర రెట్ల కన్నా ఎక్కువే తూగుతుంది.

చేతి మీద నమ్మకం లేకపోతే ఇంటికొచ్చాక లగేజీ తూచే చిన్న కాటా తీయండి. రాయిని దారంతో కట్టి మామూలుగా ఒకసారి, బకెట్ నీళ్లలో అడుగు తగలకుండా వేలాడదీసి ఇంకోసారి తూచండి. గాలిలో 900 గ్రాములు, నీళ్లలో 700 గ్రాములు వచ్చిందనుకుందాం. తేడా 200. 900ను 200తో భాగిస్తే 4.5. స్వచ్ఛమైన ముగ్గురాయి సాంద్రత అదే. పలుగురాయికి 2.65, కాల్సైట్‌కి 2.7 దగ్గర వస్తుంది. కాటా అంత కచ్చితంగా చూపించకపోయినా, రెండున్నరకీ నాలుగున్నరకీ మధ్య తేడా దాగదు.

ఈ బరువే ముగ్గురాయికి గిరాకీ తెచ్చింది. చమురు బావులు తవ్వేటప్పుడు లోపలి నుంచి ఆయిల్, గ్యాస్ ఒక్కసారిగా ఎగదన్నకుండా బరువైన బురద పోస్తారు. ఆ బురదకు బరువు ఈ రాతి పొడి నుంచే వస్తుంది. రైల్వే కోడూరు దగ్గర మంగంపేటలో ఉన్నది ప్రపంచంలోనే పేరున్న బెరైటీస్ నిక్షేపం. అక్కడిది ఎక్కువగా బూడిదరంగులో ఉంటుంది. రంగును నమ్మొద్దని చెప్పింది ఇందుకే.

[దృశ్యం: తెల్ల టైలు వెనక వైపు ఎర్రటి గీత.]

మిగతావి త్వరగా చూసేద్దాం. నల్లగా, లోహంలా మెరిసే రాయి దొరికితే బాత్‌రూమ్ టైలు వెనకభాగం మీద, అంటే నున్నగా లేని వైపు గీయండి. గీత ఎర్రగా జాజు రంగులో పడితే హెమటైట్, అంటే ఇనుపరాయి. నాపబండ మీద ఫెర్న్ ఆకుల్లాంటి నల్లటి ముద్రలుంటే అవి ఆకులు కావు, పగుళ్లలోకి ఇంకిన మాంగనీసు గీసిన బొమ్మలు. డోలమైట్ మీద గుమ్మటాల్లా, అలలు అలలుగా గీతలు కనిపిస్తే మాత్రం కాసేపు కూర్చుని చూడండి. అవి స్ట్రోమటోలైట్లు. 180 కోట్ల ఏళ్లకు ముందు, లోతులేని సముద్రంలో సూక్ష్మజీవులు పొర మీద పొర పేర్చుకున్న గుర్తులు. ఆ కాలానికి గవ్వలూ లేవు, చేపలూ లేవు.

ఇక వజ్రాలు. అడగకుండా ఉండరని తెలుసు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం తలలు వంచుకుని వెతకడం ఏటా చూస్తున్నదే. అక్కడ చాలామంది చేసే పరీక్ష గాజు మీద గీయడం. దానివల్ల లాభం లేదు. పలుగురాయి కూడా గాజును గీస్తుంది. ఇందాకటి కాటా లెక్కే మేలు, వజ్రానికి 3.5 రావాలి. కాకపోతే చేలో దొరికే గింజంత రాయిని తూచడానికి లగేజీ కాటా చాలదు, నగల కొట్టు కాటా కావాలి.

[దృశ్యం: లేత ఆకుపచ్చ రాతి పొరలో సన్నటి నారలు. దూరం నుంచి మాత్రమే.]

ఒక్క రాయి దగ్గర మాత్రం పరీక్షలేవీ వద్దు. పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లె వైపు పాత రాతినార గనులున్నాయి. లేత ఆకుపచ్చ రాయిలో పట్టుదారాల్లాంటి నారలు కనిపిస్తే అది ఆస్బెస్టాస్ అయి ఉండొచ్చు. గోటితో పీకొద్దు, మేకుతో గీయొద్దు, సుత్తితో కొట్టొద్దు. ఆ నారల పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ల తర్వాత క్యాన్సర్ రావచ్చు. సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చి పిల్లలకు చూపించడం అసలే వద్దు.

గండికోటలో, లంకమల అభయారణ్యంలో ఏ రాయినీ కదిలించకండి. మొదటిది రక్షిత కట్టడం, రెండోచోట అటవీ చట్టం ఒప్పుకోదు. ఎక్కడి రాయైనా పేరు తెలియకపోతే మూడు ఫోటోలు తీయండి: రాయి ఉన్నచోటు మొత్తం, పక్కన రూపాయి బిళ్ల పెట్టి దగ్గరగా ఒకటి, అప్పటికే పగిలి ఉన్న తాజా ముఖం ఒకటి. వాటితోపాటు ఊరి పేరు, మేకు గీత పడిందా, వెనిగర్ పొంగిందా, చేతికి బరువనిపించిందా అన్నది రాసి కామెంట్లో పెట్టండి. ఉత్త రంగు చెప్పి 'ఇదేం రాయి అన్నా' అంటే మాత్రం నా దగ్గర జవాబు ఉండదు.